మందు లేని రోజులు పెట్టుకుంటే తాగుడు నిజంగా తగ్గుతుందా?

రోజూ రాత్రి రెండు పెగ్గులు పడుతున్నాయి, పూర్తిగా మానలేను, వారంలో కొన్ని రోజులు ముట్టకుండా ఉంటే తగ్గుతుందా అని కదా మీరు అడిగింది. నా మట్టుకు తగ్గిందండీ. అయితే ఖాళీ రోజులతో పాటు వారం మొత్తం మీద ఎంత దిగుతోందో కూడా చూసుకోవాల్సి వచ్చింది.

మన వైజాగ్‌లో మాల వేసుకునేవాళ్లను చూడండి. 41 రోజులు చుక్క ముట్టరు. మాల తీసిన వారానికే సిట్టింగ్‌కి రెడీ. ఖాళీ రోజులకూ ఇదే జబ్బు పట్టే అవకాశం ఉంది. సోమ, మంగళ, బుధ ఆగి శనివారం రాత్రి హాఫ్ లేపేస్తే మిగిలిందేమీ లేదు, పైగా ఒకేసారి అంత పడటం ఇంకా చెడ్డది.

అందుకే లెక్క గురించి కాస్త చదివాను. బ్రిటన్ ప్రభుత్వ వైద్యాధికారులు 2016లో ఇచ్చిన సలహా ప్రకారం వారానికి 14 యూనిట్లు దాటకూడదు, తగ్గించుకోవాలంటే వారంలో కొన్ని రోజులు అసలు తాగకుండా ఉండటం మంచి పద్ధతి. యూనిట్ అంటే 10 మి.లీ. అసలు ఆల్కహాల్. మన విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది కాబట్టి 60 పెగ్గుకు రెండున్నర యూనిట్లు, క్వార్టర్‌కు దాదాపు ఎనిమిది. అంటే వారానికి రెండు క్వార్టర్లతోనే గీత దాటేసినట్టు! 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒక్కటే ఐదు యూనిట్లు. ఆ 14 లోపు ఉంటే ఏమీ కాదని కూడా కాదు. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

మీ రెండు పెగ్గులు నిజంగా రెండేనా? ఇంట్లో పోసుకునే పెగ్గుకు కొలతుండదు. పిల్లల దగ్గు మందుతో వచ్చే 10 మి.లీ. మూతతో నాది కొలిస్తే తొమ్మిది మూతలు వచ్చింది. అంటే 90. మా ఆవిడ పక్కనే నిలబడి మూతలు లెక్కపెట్టింది, ఆ ముచ్చట వేరే.

రోజుల ఎంపికకు నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే, ఇంట్లో నీచు వండని రోజులు చూసుకోవడం. మంచింగ్ లేకపోతే సగం మూడ్ అక్కడే పోతుంది. ఏ రోజులో ఆదివారమే తేల్చేసుకోవాలి. సాయంత్రం ఏడింటికి "ఏరా, వస్తున్నావా?" అని ఫోన్ వచ్చాక ఆలోచిస్తే ఆ రోజు గోవిందా. అసలు గండం ఏడు నుంచి తొమ్మిది దాకానే. నేను ఏడున్నరకల్లా భోజనం చేసేసి ఆర్కే బీచ్ వైపు నడకకు పోయేవాణ్ణి. కడుపు నిండాక మందు మీద యావ సగం చస్తుంది. మొదట్లో నిద్ర సరిగా పట్టదు, దానికి కంగారు పడకండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆపిన రోజు చేతులు వణుకుతున్నా, చెమటలు పడుతున్నా, పొద్దున్నే చుక్క పడితే గానీ కుదరకపోతున్నా మీ అంతట మీరు ఈ ప్రయోగం చేయొద్దు. బాగా అలవాటైన ఒంటికి ఒక్కసారిగా మందు ఆపితే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ కూడా రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. ముందు డాక్టర్‌ని కలవండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.