బోర్డింగ్ స్కూల్లో యూనిఫాం, జుట్టు నిబంధనలు: వెళ్లే ముందు పాపకు ఏమి నేర్పాలి?

మీ పాపకు పదకొండేళ్లు, ఆరో తరగతికి మొదటిసారి ఇల్లు వదిలి వెళ్తోంది. బడివాళ్లు నాలుగు పేజీల నిబంధనలు పంపారు. జుట్టు మెడ దాటితే బిగించి జడ వేసుకోవాలి, లేదా కత్తిరించుకోవాలి. గోళ్లకు రంగు ఉండకూడదు. స్కర్టు మోకాలి కిందికి ఉండాలి. ఇంత కఠినం అవసరమా, పాప తట్టుకోగలదా, ముందే జుట్టు కత్తిరించేయాలా అని అడిగారు. నేను అలాంటి బడిలో ఏడేళ్లు చదువుకున్నాను. తరువాత మరో బడిలో మూడేళ్లు వార్డెన్‌గా పనిచేశాను. తనిఖీ వరుసలో నిలబడ్డాను, ఆ వరుస ముందు స్కేలు పట్టుకుని కూడా నిలబడ్డాను.

నిబంధనలకు పిల్లలు పది రోజుల్లో అలవాటు పడతారు. వాటిని అమ్మ పక్కన లేకుండా పాటించడమే కష్టం. ఇంట్లో ఉతికిన చొక్కా దానంతట అదే అల్మరాలోకి వచ్చి చేరుతుంది. అక్కడ ఉన్న మూడు జతల్లో ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, మూడోది తీగ మీద ఇంకా తడిగా ఉంటుంది. సరిగ్గా ఆ ఉదయమే కాలరు గుండీ ఊడుతుంది.

ఎనిమిదో తరగతిలో ఒక సోమవారం నన్ను ప్రార్థన వరుసలో నుంచి పక్కకు పిలిచారు. చెక్క స్కేలు మోకాలికి చల్లగా తగిలింది. స్కర్టు రెండు వేళ్లు పొట్టి. సెలవుల తరువాత నేను పొడవు పెరిగాను, కుట్టు విప్పి దింపుదామంటే లోపల మడత లేదు. కొత్తది కావాలని ఇంటికి ఉత్తరం రాసి అప్పటికి తొమ్మిది రోజులు. అది చెప్పేలోపే గోడ వైపు వెళ్లి నిలబడమన్నారు. ప్రార్థన అయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ నవ్వలేదు కానీ, లోపలికి వెళ్తూ ప్రతి ఒక్కరూ ఒకసారి నా మోకాళ్ల వైపు చూశారు. ఆ రోజంతా పుస్తకాల సంచి ముందుకు వేసుకునే తిరిగాను.

అందుకే మొదట కుట్టు గురించి చెబుతున్నాను. ఈ వయసులో ఆడపిల్లలు ఏడాదికి ఏడెనిమిది సెంటీమీటర్లు పెరగడం మామూలే. స్కర్టు అంచు లోపల నాలుగు వేళ్ల మడత వదలమని దర్జీకి చెప్పండి. నూలు బట్టయితే కుట్టించే ముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరబెట్టండి, లేకపోతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. బూట్లు రెండు జతలు ఇవ్వగలిగితే మంచిది. చెమట పట్టిన బూటు పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. తడి బూటు, తడి సాక్సు కలిస్తే వేళ్ల సందుల్లో ఒరుపు రావడం ఖాయం.

కఠినం అవసరమా అన్నారు. కొన్ని నిబంధనలకు కారణం ఉంది. చేతి గోళ్లు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయి, కాబట్టి వారానికోసారి చూడటం అతి కాదు. నలభై మంది పక్కపక్కన పడుకునే గదిలో జుట్టు విరబోసుకుని ఉంటే పేలు ఒక తల నుంచి ఇంకో తలకు సులువుగా పాకుతాయి. జడకు ఏ రంగు రబ్బరు బ్యాండు పెట్టాలన్న దానికి మాత్రం వార్డెన్‌గా ఉన్నప్పుడు కూడా నాకు కారణం దొరకలేదు. ఎందుకని అడిగిన పిల్లలకు "రాసి ఉంది కాబట్టి" అని చెప్పేదాన్ని. వాళ్లు నమ్మలేదు, అది వాళ్ల తప్పు కాదు.

యూనిఫాం వేస్తే అందరూ సమానమంటారు. సగమే నిజం. చొక్కాలు ఒకటే అయినప్పుడు పిల్లల చూపు గడియారాల మీదికి, బూట్ల మీదికి పోతుంది. ఆ మాట పూర్తిగా నిజం కావాలంటే బట్టలు బడే ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 1552లో పేద పిల్లల కోసం మొదలైన క్రైస్ట్స్ హాస్పిటల్ అనే బోర్డింగ్ స్కూలు తన యూనిఫాం అయిన పొడవాటి నీలం కోటు, పసుపు మేజోళ్లు ఇప్పటికీ తనే ఇస్తుంది.

వార్డెన్ అయ్యాక నేను మార్చింది ఒక్కటే. తనిఖీని సోమవారం ఉదయం వరుసలో నుంచి ఆదివారం రాత్రి గదిలోకి మార్చాను. చేతిలో స్కేలు బదులు సూది, దారం, గుండీలు ఉన్న రేకు డబ్బా ఉండేది. లోపం కనిపిస్తే సరిచేసుకోవడానికి రాత్రంతా సమయం ఉండేది. మీరు బడివాళ్లను అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: తనిఖీ ఎప్పుడు, ఎవరి ఎదుట, లోపం ఉంటే పిల్లను ఏమి చేస్తారు? నాలుగు పేజీల్లో ఇది రాసి ఉండదు.

పాపకు చర్మం మీద దురద వంటి ఇబ్బంది ఉన్నా, మీ ఇంట్లో ఆచారంగా ధరించేది ఏదైనా ఉన్నా, చేరేముందే అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట వార్డెన్ మారేవరకే నిలుస్తుంది.

ఇక జుట్టు. భయపడి కత్తిరించకండి. పొట్టి జుట్టుకూ పేలు పడతాయి. జడ వేసుకోవచ్చని వాళ్లే రాశారు కాబట్టి, వెళ్లేలోపు రోజూ ఉదయం అద్దం లేకుండా తనే వేసుకోనివ్వండి. మొదటి వారం వంకరగానే వస్తుంది, మీరు చెయ్యి పెట్టకండి. పది నిమిషాల్లో వేసుకోగలిగితే చాలు. తడి జుట్టును మాత్రం జడ వేయవద్దని చెప్పండి. పెట్టెలో పేల దువ్వెన పెట్టండి. ఒకవేళ పేలు పడి మందు వాడాల్సి వస్తే ఒక్కసారితో సరిపోదు. ఈపులు పొదగడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి మందు మీద రాసిన గడువుకు మళ్లీ వాడాలి. జుట్టు కత్తిరించుకుంటానని తనే అంటే అది వేరే విషయం, అప్పుడు అడ్డు చెప్పకండి.

గుండీ కుట్టడం కూడా నేర్పండి. ప్రతి బట్ట మీద బడి ఇచ్చిన సంఖ్యను చెరగని సిరాతో కాకుండా దారంతో కుట్టండి. చెరగని సిరా కూడా ఉతికేకొద్దీ వెలిసిపోతుంది. సాక్సులను వదిలేయకండి. నేను మొదటి నెల పన్నెండు సాక్సులతో వెళ్లాను, నెలాఖరుకు ఏడు మిగిలాయి. వాటిలో మూడు నావి కావు.