దవావ్‌లో ‘పుసో’ అడిగితే గుండె ఇవ్వరు

ఫిలిప్పీన్స్‌లోని దవావ్‌లో మెడిసిన్ చదవడానికి వస్తున్న ఓ తమ్ముడి సందేహం: "మనీలాలో ఉన్న మా బావ అక్కడి టాగలాగ్ భాష నాలుగు ముక్కలు నేర్పించాడు. తిండికి ఇబ్బంది ఉండదు కదా అన్నా?"

తిండికి ఉండదు, పరువుకే కొంచెం. ఫిలిప్పీన్స్‌లో 170కి పైగా భాషలున్నాయి. జాతీయ భాషకు పునాదిగా 1937లో టాగలాగ్‌ను ఎంచుకున్నారు గానీ, దవావ్ వీధుల్లో నడిచేది బిసాయా, అంటే సెబువానో.

నేను దిగిన మొదటి వారం. సాయంత్రం రోడ్డు పక్కన బొగ్గుల మీద చికెన్ కాలుస్తున్న ఆవిడ "పిలా కా పుసో?" అంది. నా టాగలాగ్ పుస్తకంలో పిలా అంటే క్యూ, పుసో అంటే గుండె. కోడి గుండెకాయలకి లైన్లో నిలబడమంటోందనుకుని, "వద్దమ్మా, గుండె తినను" అని ఛాతీ మీద చెయ్యి వేసి మరీ చెప్పాను. బండి చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. బిసాయాలో పిలా అంటే ఎన్ని. పుసో అంటే అల్లిన కొబ్బరాకు బుట్టలో బియ్యం పోసి ఉడికించిన అన్నం. పిడికిలంత ఉంటుంది, గుత్తులుగా వేలాడదీస్తారు. కత్తితో మధ్యకి చీల్చి ఇస్తే ఆకు వాసనతో అన్నం ముద్దలా వస్తుంది. నాకైతే ఇప్పుడు అది లేకపోతే బార్బెక్యూ దిగదు. టాగలాగ్‌లో అరటిపువ్వు కూడా పుసోయే, అది వేరే గొడవ.

హాస్టల్లో ఇంకా తమాషా. మనీలా ఉన్న లుజోన్ దీవి నుంచి వచ్చిన టాగలాగ్ అబ్బాయి "చక్కెరలో లంగమ్" అని అరిస్తే దవావ్ అబ్బాయి పైకి చూస్తాడు. లంగమ్ అంటే టాగలాగ్‌లో చీమ, బిసాయాలో పిట్ట. లుజోన్‌లోనే ఉన్న పంపాంగా వాళ్లు ‘ఎబున్’ అంటే గుడ్డు, టాగలాగ్ వాళ్లు ‘ఇబోన్’ అంటే పక్షి. ఏది ముందో మీరే తేల్చుకోండి. బిసాయాలో బియ్యం ‘బుగస్’, మొహం మీద మొటిమలూ అవే.

డాక్టర్ కాబోయేవాళ్లు ‘సుకా’ మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి. చివర గొంతు బిగించి ఠక్కున ఆపితే వెనిగర్, వదిలేస్తే వాంతి. హోటల్లో తప్పితే నవ్వుతారు, వార్డులో తప్పితే కేస్‌షీట్ మారిపోతుంది. పరీక్ష పోయినవాణ్ణి ‘నంగమోతే’ అంటారు, ‘కమోతే’ అంటే చిలగడదుంప, దాన్నుంచి పుట్టిన మాట. మన గుండుసున్నా కంటే నయం, కనీసం కడుపు నిండుతుంది.

ఇంకొకటి. ఇక్కడ మనల్ని ‘బుంబాయ్’ అంటారు, మీది గుంటూరైనా వరంగలైనా సరే. మార్కెట్లో ఓసారి ఒకావిడ "బొంబాయ్, బొంబాయ్!" అని కేకేస్తుంటే, నన్నేనని ఒళ్లు మండి వెనక్కి తిరిగాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు. ఉల్లిపాయలు అమ్ముకుంటోంది. కిలో కొనుక్కుని వచ్చేశాను.