బేస్ లేదని అమ్మేయకండి, ముందు టిప్స్ మార్చండి

కొత్త న్యూట్రల్ (ఏ ధ్వనినీ పెంచకుండా, తగ్గించకుండా వినిపించే) ఇయర్‌ఫోన్లలో మృదంగం ఎడమ వైపు మోతే వినిపించడం లేదని, కావలి నుంచి నెల్లూరుకు రైల్లో వెళ్లేటప్పుడు మరీ పల్చగా ఉంటోందని రాశారు. అమ్మేయాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు 50 హెర్ట్జ్ ధ్వని (బాగా మంద్రమైన మోత) పెట్టి, ఇయర్‌ఫోన్లను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. మోత ఒక్కసారిగా పెరిగిందా? అయితే చెవికీ, ఇయర్‌ఫోన్ చివర చెవిలో దూరే మెత్తని తొడుగుకీ, అంటే టిప్పుకీ మధ్య గాలి సందు ఉన్నట్టే. ఆ సందులోంచి ముందుగా జారిపోయేది మంద్రధ్వనే, అంటే బేసే. పెట్టెలోంచి తీసిన మధ్య సైజు టిప్పుతోనే అందరూ సరిపెట్టుకుంటారు, అదేమిటో! ఒక సైజు పెద్దది పెట్టి చూడండి. రెండు చెవులకూ ఒకే సైజు కుదరాలని కూడా లేదు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగితే దారి కాస్త నిటారవుతుంది. మన ఎండలకు చెమట పట్టి సిలికాన్ జారుతుంటే ఫోమ్ టిప్స్ తీసుకోండి. వాటిని నలిపి లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. తీసేటప్పుడు గుంజకుండా తిప్పుతూ తీయండి.

రైలు సంగతి వేరు. చక్రాల రొదలో ఎక్కువ భాగం మంద్రంగానే ఉంటుంది కనుక అది బేస్‌ను మింగేస్తుంది. దానికి వాల్యూమ్ పెంచితే చెవులు పాడవుతాయి.

ఇంత చేసినా తక్కువనిపిస్తే, ఈక్వలైజర్‌లో (ధ్వనుల పాళ్లు మార్చే ఫోన్ సెట్టింగ్) 100 హెర్ట్జ్‌కు దిగువన 4 డెసిబెల్స్ పెంచి, అందులోనే మొత్తం స్థాయిని మార్చే ప్రీయాంప్‌ను అంతే తగ్గించండి, లేకపోతే గరగర వస్తుంది. 1991లో వచ్చిన ఎటిమోటిక్ కంపెనీ ఇయర్‌ఫోన్ ఈఆర్4 మొదలు ఈ రకం ఇయర్‌ఫోన్లు ఉన్నది ఉన్నట్టు వినిపించడానికే చేసినవి. గుండెలదిరే దరువే కావాలంటే మాత్రం, అప్పుడు అమ్మేయండి.