చలికి కారు స్టార్ట్ అవ్వలేదంటే ముందు బ్యాటరీ వైపు చూడండి

మైనస్ డిగ్రీల చలిలో కార్లు అసలు ఎలా స్టార్ట్ అవుతాయి, చలికాలంలో కారుని ఎలా చూసుకోవాలి అని కదా ప్రశ్న. మైనస్ చలిలో నేను బతకలేదు. మాది ఒడిశా కోరాపుట్ జిల్లాలో సెమిలిగూడ. మా నాన్న రోజుల్లో సాలూరు నుంచి ఘాట్ ఎక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. కూరగాయల వ్యాపారం మాది. కుందులి సంతలో సరుకు ఎత్తి విజయనగరంలో దించుతాం. అంటే చలికాలం అంతా తెల్లవారుజామునే బండి తియ్యాలి. డిసెంబరు, జనవరుల్లో ఇక్కడ 5 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుపోయిన పొద్దులు కూడా ఉన్నాయి. కింద సాలూరులో ఒక్క దుప్పటితో గడిపేసే మా చుట్టాలు ఇక్కడికొస్తే చలిమంట దగ్గర్నుంచి లేవరు. ఆ మాత్రం చలి తెలిసినవాడిగా రాస్తున్నా.

నా మాట ఒకటే. చలి కారుని పాడు చెయ్యదు. ఎండాకాలంలో సగం చచ్చిన బ్యాటరీని చలికాలంలో బయటపెడుతుంది, అంతే. ఎవరికి చెప్పినా నమ్మరు. "మీ ఊరి చలికి నా బండి పాడైపోయింది" అంటూ మా ఊరి మీద పడతారు. బ్యాటరీ లోపల జరిగేదంతా రసాయన చర్య, వేడి పెరిగేకొద్దీ అది జోరందుకుంటుంది. విశాఖలోనో రాజమండ్రిలోనో మే నెల ఎండలో రోజంతా నిలబెట్టిన కారులో బ్యాటరీ లోపలి సీసం పలకలు మెల్లగా అరిగిపోతాయి. కానీ ఎండలో ఇంజన్ ఆయిల్ పల్చగా ఉంటుంది కాబట్టి ఆ నీరసం బ్యాటరీతోనే సెల్ఫ్ అందుకుంటుంది, ఎవరికీ తెలీదు. చలిలో ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, బ్యాటరీ ఇచ్చే బలం తగ్గుతుంది. రెండూ ఒకే పొద్దున కలిసొస్తాయి.

మా బావమరిది సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది. ఓ సంక్రాంతి ముందు పిల్లల్ని వేసుకుని విశాఖ నుంచి తన డీజిల్ బండిలో వచ్చాడు. దేవమాలి మీద సూర్యోదయం చూడాలని ప్లాను. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం అదే, 1,672 మీటర్లు. ఈ మధ్య రీల్స్ పుణ్యమా అని ఆ కొండ మీద మనుషుల కంటే కార్లు ఎక్కువ, కార్ల కంటే చిప్స్ కవర్లు ఎక్కువ. అది వేరే బాధ. సరే, చీకట్లోనే లేచారు. పిల్లలకి మంకీ టోపీలు తొడిగారు, మా ఆవిడ ఫ్లాస్కులో టీ పోసింది. బావమరిది తాళం తిప్పాడు. ఇంజన్ బద్ధకంగా ఒక మూలుగు మూలిగింది. మళ్ళీ తిప్పితే ఇంకా నీరసంగా మూలిగింది. ఆ తర్వాత టక్ టక్ టక్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు.

వీధి చివర చలిమంట కాచుకుంటున్నవాళ్ళంతా లేచొచ్చారు. ఒకాయన బానెట్ ఎత్తి ఇంజన్ మీద మరిగే నీళ్ళు పొయ్యమన్నాడు. ఇంకొకాయన బండి కింద పిడకలు కాల్చమన్నాడు. డీజిల్ ట్యాంకు ఉన్న బండి కింద పిడకలు! జీవితంలో స్కూటీ తప్ప నడపని మా పక్కింటి మాస్టారు "సెకండ్ గేర్లో వేసి తొయ్యండ్రా" అని ఆర్డరేశాడు. అది ఆటోమేటిక్ బండి. తోసినా ప్రయోజనం లేదని చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది. మామూలు గేర్ల బండి అయినా ఇప్పటి బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) వాటిని తోసి స్టార్ట్ చెయ్యకండి, కాలని ఇంధనం సైలెన్సర్లోకి పోయి దాంట్లో ఉండే ఖరీదైన సామాను పాడవుతుంది.

"బావా, చలికి డీజిల్ గడ్డకట్టేసినట్టుంది" అన్నాడు మా బావమరిది.

"ఒరే, ఈ చలికే డీజిల్ గడ్డకడితే దమన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ నుంచి లారీలు ఎలగ తిరుగుతున్నాయి? రాత్రంతా నీకు నిద్ర పట్టనివ్వనివి అవే కదా" అన్నాను.

"మరేటంటావు?"

"తాళం తిప్పి పట్టుకో, లోపల లైటు చూడు."

తిప్పాడు. పైన లైటు ఎర్రగా మారి దాదాపు ఆరిపోయింది. అక్కడే తేలిపోయింది. బానెట్ ఎత్తి టార్చి వేశాను. ప్లస్ టెర్మినల్ చుట్టూ ఆకుపచ్చా తెలుపూ కలిసిన పొడి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడొచ్చింది. మీటరు పెడితే 11.8 చూపించింది. రాత్రంతా వాడకుండా ఉంచిన బ్యాటరీ తెల్లారి 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కిందకి పోతే దాన్ని నమ్ముకుని ఘాట్ రోడ్డెక్కకూడదు. "కిందటేడే కొత్తది వేయించాను బావా" అని మావాడు ఒకటే గొడవ. కొత్తదే కావచ్చు. కానీ దాని మీద అచ్చు వేసిన తయారీ నెల చూస్తే, అది షాపులో అరల మీద చాలా కాలం పడుకుని పడుకుని వీడి బండిలోకి వచ్చిందని తెలిసింది. బ్యాటరీ వాడకపోయినా దానంతటది దిగిపోతూనే ఉంటుంది. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ చూస్తారు గానీ బ్యాటరీ మీద తయారైన తేదీ ఎవడూ చూడడు. ఆ షాపాయనకి అది బాగా తెలుసు.

ఇంజన్ మీద పొయ్యడానికి తెచ్చిన వేణ్ణీళ్ళు మాత్రం పనికొచ్చాయి. టెర్మినళ్ళు విప్పి వాటితో కడిగి, పాత టూత్ బ్రష్షుతో రుద్ది, తుడిచి బిగించాను. తర్వాత మా పికప్ తెచ్చి పక్కన పెట్టి జంపర్ కేబుల్ వేశాను. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, అందుకే వివరంగా రాస్తున్నా. ఎర్ర వైరు ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం దిగిపోయిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుము ఎక్కడుంటే అక్కడ, బ్యాటరీకి దూరంగా. ఆఖరి కొస తగిలించినప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర భగ్గుమనే హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, అందుకు. మంచి బండి కాసేపు ఆన్‌లో ఉంచి, అప్పుడు రెండోదానికి సెల్ఫ్ కొట్టాలి. మావాడి బండి ఒక్క తిప్పుకే అందుకుంది.

అప్పటికి సూర్యుడు దేవమాలి దాటి మా డాబా మీదకే వచ్చేశాడు. మా పక్కనే సునాబెడాలో హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్ళు 1960ల నుంచి మిగ్ విమానాలకి ఇంజన్లు చేస్తున్నారు. "అంత ఇంజన్లు చేసే చోటికొచ్చి కారు ఇంజన్ స్టార్ట్ చెయ్యలేకపోయావేటిరా" అని ఇప్పటికీ ఏడిపిస్తూంటాం.

సరే, అసలు ప్రశ్నకొస్తాను. మా మేనల్లుడు కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో చూపించాడు, అక్కడ కార్ల ముందు జాలీలోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది! ఇంజన్‌లో చిన్న హీటర్ ఉంటుంది, రాత్రి దాన్ని గోడ ప్లగ్గులో పెడితే కూలెంట్ వెచ్చబడి ఇంజన్ గోరువెచ్చగా ఉంటుంది. రాత్రంతా అక్కర్లేదట, బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు చాలు, టైమర్ పెట్టుకుంటారు. ఆఫీసు పార్కింగుల్లో కూడా ప్లగ్గులు ఉంటాయి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1940ల్లోనే అమెరికా నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇలాంటి హీటర్ చేసి 1949లో పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ బ్యాటరీకి కూడా కరెంటు దుప్పటి చుడతారు. మైనస్ 18 దగ్గర బ్యాటరీ సగం బలమే ఇస్తుంది మరి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ అయితే మైనస్ 10కి అటూ ఇటూ లోపల నీరు గడ్డకట్టి పగులుతుంది. నిండా చార్జింగ్ ఉన్నది మైనస్ 50 దాకా తట్టుకుంటుంది. చూశారా, అక్కడ కూడా కథ బ్యాటరీ దగ్గరికే వస్తుంది.

డీజిల్ గడ్డకట్టడం అబద్ధమేమీ కాదు, మా ఊళ్ళో అబద్ధం. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు బాగా చలికి అది పేరుకుని ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. లడాఖ్‌లో ఈ బాధ పడలేకే 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిల్ దించింది. పానిపట్ రిఫైనరీలో తయారవుతుంది. అంతకుముందు అక్కడి డ్రైవర్లు కిరసనాయిలు కలుపుకునేవారు, ట్యాంకు కింద మంట పెట్టుకునేవారు. మా వీధిలో పిడకల సలహా ఇచ్చినాయన అక్కడి నుంచే విన్నాడేమో.

ఆయిల్ గురించి ఒక్క ముక్క. డబ్బా మీద 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 అని ఉంటుంది కదా, ఆ డబ్ల్యూ ముందు అంకె చలి లెక్క. అది ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా కదులుతుంది. 15 రకం మైనస్ 20 దాకా, 5 రకం మైనస్ 30 దాకా ఇంజన్ తిప్పనిస్తాయి. కాబట్టి కోరాపుట్‌కీ అరకుకీ ఏదైనా చాలు, మీ బండి పుస్తకంలో ఏది రాసుంటే అది పొయ్యండి. "చలి ప్రాంతం సార్" అని ఖరీదైన డబ్బా అంటగట్టే మెకానిక్కుని నమ్మకండి. కూలెంట్ మాత్రం కుళాయి నీళ్ళతో సరిపెట్టకండి, మన దగ్గర గడ్డకట్టదు గానీ రేడియేటర్ లోపల తుప్పు పడుతుంది.

డీజిల్ బండికి తాళం తిప్పగానే స్ప్రింగులా ఒక గుర్తు వెలుగుతుంది. అది హీటర్ ప్లగ్గులది, ఆరిపోయాకే సెల్ఫ్ కొట్టాలి. కుర్రాళ్ళకి ఆ రెండు సెకన్ల ఓపిక ఉండదు. లైట్లు, పాటలు, బ్లోయర్ అన్నీ ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి కొట్టండి. పది సెకన్లకి మించి ఒక్క బిగిన తిప్పకండి, అందుకోకపోతే అర నిమిషం ఆగండి. మా నాన్న అంబాసిడర్‌కి చోక్ లాగి, గొళ్ళెంలాంటి హ్యాండిల్ ముందు గుచ్చి తిప్పేవాడు. ఆ రోజుల్లో బండి పావుగంట ఊరికే ఆన్‌లో ఉంచి వేడెక్కనిచ్చేవాళ్ళు. ఇప్పటి బళ్ళకి అదంతా డీజిల్ దండగ, అర నిమిషం ఆగి మెల్లగా కదిలితే నడుస్తూనే వేడెక్కుతుంది.

ఇది మాత్రం సరదాగా తీసుకోకండి. చలికి భయపడి రేకుల షెడ్డులో తలుపులు వేసుకుని ఇంజన్ ఆన్ చేసి కూర్చోవద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే సంగతులు. ఘాట్‌లో బండి ఆపి అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకు పడుకునే డ్రైవర్లకి కూడా ఇదే చెప్తుంటాను.

పొగమంచు గురించి మొదలెడితే నాకు బీపీ పెరుగుతుంది. సుంకి దాటి సాలూరు ఘాట్ దిగేటప్పుడు పది అడుగుల అవతల ఏమీ కనపడదు. ఆ టైములో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప రోడ్డు కనపడదు. అయినా వేస్తారు. హజార్డ్ లైట్లు వేసుకుని నడుపుతారు, ఎటు తిరుగుతాడో వెనకవాడికి తెలీదు. లోబీమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి, అంతే. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడుచుకుంటూ నడపకండి. ఏసీ ఆన్ చేసి, వేడి వైపు తిప్పి, బయటి గాలి లోపలికొచ్చేలా పెట్టండి. ఏసీ గాల్లో తడి లాగేస్తుంది, నిమిషంలో అద్దం శుభ్రం. చలికాలంలో ఏసీ ఏంటి అని అడగొద్దు.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. వరి కోతలయ్యాక పొలాల్లో ఎలుకలు ఊళ్ళోకొస్తాయి. వాటికి రాత్రి వెచ్చగా ఉండే చోటు మీ బానెట్ కిందే. చలికాలంలో మా మెకానిక్కు దగ్గరకొచ్చే "స్టార్ట్ అవ్వడం లేదు" బళ్ళలో కొన్నింటికి బ్యాటరీ బంగారంలా ఉంటుంది, వైర్లు కొరికేసి ఉంటాయి. పొగాకు కాడలు, కలరా ఉండలు గుడ్డలో కట్టి ఇంజన్ పక్కన వేలాడదీస్తారు. కొన్నాళ్ళు పనిచేస్తాయి, తర్వాత ఎలుకలు వాటినీ పట్టించుకోవు. నేనైతే బండి తీసే ముందు బానెట్ మీద గట్టిగా రెండు చరిచి, ఎత్తి టార్చి వేసి చూస్తాను. పిల్లి పడుకునున్నా దిగి పారిపోతుంది.