పెద్ద టైర్లకు ఏ యాక్సిల్ వేయాలి?

ప్రశ్న: నా దగ్గర 2001 నాటి జీప్ రాంగ్లర్ ఉంది. వెనక డానా 35 అనే మోడల్ యాక్సిల్ (ఇరుసు), 3.73 గేరు నిష్పత్తి, 30 అంగుళాల టైర్లు. ఇకపై 35 అంగుళాల టైర్లు వేసి, వెనక డిఫరెన్షియల్‌కు (రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల అమరికకు) లాకర్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే సాధనం) పెట్టుకోవాలనుకుంటున్నాను. ఆ బరువుకు ఈ యాక్సిల్ ఆగదని మిత్రులు అంటున్నారు. ఏకంగా డానా 60 వేయమని ఒకరు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచి తీసిన 8.8 యాక్సిల్ చాలని మరొకరు చెబుతున్నారు. ఏది మేలు?

జవాబు: మిత్రుల హెచ్చరిక సరైనదే, అయితే ఇక్కడ చూడవలసింది బరువును కాదు, మెలిపెట్టే బలాన్ని. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండి రాళ్ళ మధ్య చిక్కుకున్నప్పుడు పట్టులేని చక్రం ఊరికే తిరిగిపోయి ఆ బలాన్ని వదిలేస్తుంది. లాకర్ ఉన్నప్పుడు మాత్రం, లో గేరులో ఎన్నో రెట్లు పెరిగి వచ్చిన ఇంజను బలం దాదాపు అంతా పట్టు దొరికిన ఒక్క షాఫ్టు మీదే పడుతుంది. టైరు ఎంత పెద్దదైతే ఆ షాఫ్టు అంత ఎక్కువ మెలికను ఓర్చుకోవాలి.

గుండ్రటి కడ్డీ మెలికను తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. డానా 35 షాఫ్టు 27 స్ప్లైన్లతో (కొసన ఉండే నిలువు గాడులతో) సుమారు 1.18 అంగుళాలు ఉంటే, ఎక్స్‌ప్లోరర్ 8.8 షాఫ్టు 31 స్ప్లైన్లతో సుమారు 1.32 అంగుళాలు ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేడా మూడున్నర మిల్లీమీటర్లే, కాని ఉక్కు ఒకే రకమనుకుంటే బలం దాదాపు 40 శాతం ఎక్కువ. మీ పాత షాఫ్టులు బయటికి తీసిన రోజు స్ప్లైన్ల మీద ఒక ఉక్కు స్కేలు ఆనించి చూడండి. ఆ గాడులు స్కేలు వెంట తిన్నగా సాగకుండా, పురి పెట్టిన తాడులా ఒక పక్కకు ఒరిగి ఉంటే, ఆ లోహం ఇప్పటికే లొంగిపోయిందని అర్థం.

నా సలహా 8.8 వైపే. దాని వెడల్పు మీ యాక్సిల్‌కు చాలా దగ్గరగా ఉంటుంది, చక్రానికి 5 బోల్టులు 4.5 అంగుళాల వృత్తంలోనే వస్తాయి కనుక ముందువెనకల చక్రాలూ స్టెప్నీ ఒకటే సరిపోతాయి, 1995 నుంచి వచ్చిన వాటికి డిస్క్ బ్రేకులు కూడా ఉంటాయి. డానా 60 నిజంగా బలమైనదే, కాని 9.75 అంగుళాల క్రౌన్ వీల్‌ను (పెద్ద పళ్ళ చక్రాన్ని) మోసే దాని డిఫరెన్షియల్ గుండు నేలకు దిగువగా వేలాడుతుంది, పెద్ద టైర్లతో మీరు సంపాదించిన ఎత్తులో కొంత అక్కడే పోతుంది, ఎక్కువగా 8 బోల్టుల చక్రాలతో వస్తుంది కూడా. 35 అంగుళాల టైర్లున్న తేలికపాటి బండికి అంత అవసరం నాకు కనిపించడం లేదు.

ఇక పనిలో శ్రద్ధ పెట్టవలసిన చోటు వెల్డింగ్. 8.8లో ఉక్కు గొట్టాలను పోత ఇనుప గుండులోకి బిగించి, కొన్ని చోట్ల మాత్రమే వెల్డింగ్ చుక్కలు పెట్టి ఉంటారు. గట్టి ఊపులో గొట్టం గుండులోనే తిరిగిపోగలదు. ఒకసారి మా బండికే అలా జరిగి, స్ప్రింగు పీట ముందుకు ఒరిగి, జాయింట్ షాఫ్టు (ఇంజను బలాన్ని యాక్సిల్‌కు చేర్చే కడ్డీ) క్రాస్ (దాని కొసన వంగే కీలు) పగిలింది. అందుకని గుండును ముందుగా వేడి చేసి, పోత ఇనుముకు తగిన నికెల్ రాడ్‌తో చుట్టూ కొద్దికొద్దిగా, ఎదురెదురు చోట్ల వెల్డింగ్ చేయించి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఒకే వైపు ఏకబిగిన చేస్తే గొట్టం వంగుతుంది.

టైరు పెద్దదైతే లాగుడు తగ్గుతుంది కనుక గేరు నిష్పత్తినీ పెంచాలి. 35ను 30తో భాగించి 3.73తో గుణిస్తే 4.35 వస్తుంది, దొరికే వాటిలో 4.56 తీసుకోండి. ముందు యాక్సిల్‌కూ తప్పనిసరిగా అదే నిష్పత్తి ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన వెంటనే గట్టి నేల మీద రెండు యాక్సిళ్ళూ ఒకదానితో ఒకటి పెనుగులాడి ట్రాన్స్‌ఫర్ కేసును (ముందువెనక యాక్సిళ్ళకు బలాన్ని పంచే గేరు పెట్టెను) పాడు చేస్తాయి. ముందువైపు లాకర్‌ను మాత్రం ప్రస్తుతానికి వాయిదా వేయండి.

ప్రశ్న: కమాన్ కట్టల బండికి వెనక బలమైన యాక్సిల్ వేయించాను. అప్పటి నుంచి వేగం అందుకునేటప్పుడు బండి అడుగు భాగమంతా అదురుతోంది. జాయింట్ షాఫ్టును బ్యాలెన్స్ చేయించినా తగ్గలేదు.

జవాబు: స్ప్రింగు పీటలు వెల్డింగ్ చేసినప్పుడు పినియన్ (జాయింట్ షాఫ్టు వచ్చి కలిసే యాక్సిల్ గేరు) కోణం తప్పి ఉంటుంది. వంపులో తిరిగే ఒక్కో క్రాస్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగాన్ని పెంచి తగ్గిస్తుంది. రెండు కొసల్లోనూ కోణాలు సమానంగా ఉంటేనే ఒకదాని తేడాను మరొకటి సరిచేస్తుంది. కనుక ట్రాన్స్‌ఫర్ కేస్ షాఫ్టూ పినియనూ సమాంతరంగా ఉండాలి, బండి లాగేటప్పుడు స్ప్రింగులు మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి నిలిపి ఉన్నప్పుడు ఒకటి రెండు డిగ్రీలు దించి ఉంచాలి. అయితే ట్రాన్స్‌ఫర్ కేస్ కొసన జంట క్రాస్ ఉన్న షాఫ్టయితే ఈ లెక్క మారుతుంది, పినియన్ దాదాపు నేరుగా ఆ జంట క్రాస్ వైపే చూడాలి. బండి బరువు చక్రాల మీద ఉండగా కోణమానిని పెట్టి కొలవండి. తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే కమాన్ కట్టకూ పీటకూ నడుమ వాలుగా ఉండే ఉక్కు బిళ్ళలు పెట్టి సరిచేయవచ్చు, అల్యూమినియంవి పగులుతాయి. అంతకు మించితే పీటలను కోసి మళ్ళీ అతికించడమే మార్గం, అప్పుడు యూ బోల్టులు కూడా కొత్తవే వేయించండి.