రాణి రంగులో నాలుగో వంతు నీలం
(ఇంట్లో నెయిల్ పాలిష్ కలుపుకోవడంపై చెన్నై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: వంగపండు రంగు కంచిపట్టు చీర కొన్నాను. దానికి సరిపడే నెయిల్ పాలిష్ కోసం రంగనాథన్ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగినా దొరకలేదు. ఇంట్లో ఉన్న ఎరుపు, నీలం సమానంగా కలిపితే తడిసిన ఇటుక రంగొచ్చింది. ఎక్కడ తప్పింది?
– పాఠకురాలు, పశ్చిమ మాంబళం

జవాబు: తప్పు మీ చేతిలో లేదు, ఆ ఎరుపులో ఉంది. మనం ఎరుపని కొనే పాలిష్‌లలో చాలావాటికి టమాటా, మిరపపండు ఛాయ ఉంటుంది. అంటే లోపల కొంత పసుపు ఉందన్నమాట. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒకచోట చేరితే మిగిలేది మట్టి రంగే. వంగపండు కావాలంటే ఎరుపును పక్కనపెట్టి రాణి రంగు తీసుకోండి. అందులో పసుపు ఉండదు. రెండూ మెరుపులేని క్రీమ్ రకాలై ఉండాలి, వీలైతే ఒకే కంపెనీవి.

ముందు చుక్కలతో మొదలుపెట్టండి. అల్యూమినియం ఫాయిల్ ముక్క మీద రాణి రంగు 12 చుక్కలు, దాని పక్కన నీలం 3 చుక్కలు వేయండి. నీలాన్ని ఒక్కో చుక్కే టూత్‌పిక్‌తో రాణి రంగులోకి లాగుతూ కలపాలి. ఎప్పుడూ ముదురును లేతలోకి కలపాలి గాని, లేతను ముదురులోకి కాదు. నీలంలోకి రాణి రంగు పోస్తూ కూర్చుంటే సీసా నిండిపోతుంది, రంగు మాత్రం నీలంగానే ఉంటుంది. ఇంకా ముదరాలంటే నలుపును చుక్క కూడా వేయొద్దు. టూత్‌పిక్ మొనకు అంటినంత చాలు. మరీ కొట్టొచ్చినట్టు ఉంటే నలుపు బదులు ఆకుపచ్చను అదే మొనతో తాకించండి. మెరుపు తగ్గుతుంది, రంగు బొగ్గు కాదు.

తడిగా ఉన్నప్పుడు చూసి తృప్తిపడొద్దు. ఆరాక చాలా పాలిష్‌లు ఒక పిసరు ముదురుతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ ముక్క మీద రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, చీర కొంగు మీద పెట్టి కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైటు కింద సరిపోయిన రంగు ఎండలో వేరుగా కనిపించడం కొత్తేమీ కాదు. పట్టుకు వేసిన అద్దకం, పాలిష్‌లోని రంగు వేర్వేరు పదార్థాలు. ఒక వెలుతురులో ఒకేలా కనిపించినవి ఇంకో వెలుతురులో విడిపోతాయి. పెళ్ళి రాత్రి మండపంలోనైతే అక్కడి దీపాల లాంటి లైటు కింద కూడా ఒకసారి చూసుకోండి.

నచ్చాక సీసాకు ఎక్కించడం సులువు. 12కు 3 అంటే నాలుగుకు ఒకటి. 10 మి.లీ. కావాలంటే రాణి రంగు 8, నీలం 2. సూదిలేని మందుల సిరంజితో కొలవండి. దాని లోపలి రబ్బరు ఈ ద్రవంలో ఉబ్బి కాసేపటికి బిగుసుకుపోతుంది కాబట్టి చకచకా కానిచ్చి పారేయాలి. ఈ నిష్పత్తి మొదలుపెట్టడానికే. కంపెనీని బట్టి నీలం ఘాటు మారుతుంది. చివరికి కుదిరిన లెక్కను, తేదీతో సహా, సీసా మీద అంటించండి. ఆ చీటీ లేకపోతే అదే రంగు రెండోసారి రాదు.

ప్రశ్న: మరి నెమలికంఠం? చీర కదిలితే నీలం, ఆకుపచ్చ మారుతుంటాయి. గోటికి అది వస్తుందా?
– పాఠకురాలు, పెరంబూరు

జవాబు: వస్తుంది, కానీ ఒకే సీసాలో కాదు. చీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కావడం వల్ల ఆ మార్పు కనిపిస్తుంది. నీలం, ఆకుపచ్చ పాలిష్‌లు కలిపేస్తే ముదురు టీల్ రంగు వచ్చి ఊరుకుంటుంది. గోటి మీద పొరలుగా వేయాలి. ముందు ముదురు నీలం రెండు పూతలు. ఆరాక పైన ఆకుపచ్చ ఇంటర్‌ఫరెన్స్ మైకా (మెరిసే అభ్రకం పొడి) కలిపిన పలుచని పూత. 10 మి.లీ. సస్పెన్షన్ బేస్‌కు (ఇదేమిటో కింది జవాబులో ఉంది) ఎనిమిదో వంతు టీస్పూను పొడి చాలు. ఆ మైకా రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పొర అతి పలుచగా ఉంటుంది. సబ్బు బుడగ మీద రంగులు కనిపించినట్టే, ఆ పొర మందాన్ని బట్టి రంగు పుడుతుంది. పొడిని చూస్తే తెల్లగా ఉందని మోసపోకండి. తెల్ల అడుగు మీద అది దాదాపు కనపడదు, నలుపు, ముదురు నీలం మీదే విరుస్తుంది. అందుకే నీలం పాలిష్‌లోకి నేరుగా వేస్తే డబ్బు దండగ. రంగులో రేకులు మునిగిపోతాయి.

ప్రశ్న: పగిలిన ఐషాడో పొడి చేసి మామూలు క్లియర్ కోట్‌లో కలిపాను. మొదటి రోజు బాగుంది. మూడో రోజుకి అడుగున రాయిలా పేరుకుంది. వేస్తే గరగరలాడుతోంది, మెరుపు కూడా లేదు.
– కాలేజీ విద్యార్థిని, కొరట్టూరు

జవాబు: ఎక్కువ ఉత్తరాలు దీని మీదే వచ్చాయి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

నెయిల్ పాలిష్ అంటే ప్రధానంగా నైట్రోసెల్యులోజ్ (ఆరాక గోటి మీద పొరగా నిలిచేది), దాన్ని కరిగించే ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్. పూత పెళుసెక్కకుండా ప్లాస్టిసైజరు, గోటికి పట్టుండి మెరవడానికి రెజిన్ ఉంటాయి. రంగు పాలిష్‌లో వీటికి తోడు ప్రత్యేకంగా తయారుచేసిన బంకమన్ను కలుపుతారు. పేరు స్టెరాల్కోనియం హెక్టొరైట్ లేదా బెంటొనైట్. కదపకుండా ఉంచితే ఇది ద్రవాన్ని జెల్లీలా నిలిపి రంగు రేణువుల్ని పట్టుకుంటుంది, కుదిపితే పలుచబడుతుంది. క్లియర్ కోట్‌లో నిలబెట్టాల్సిన రంగేమీ లేదు కనుక సాధారణంగా ఆ మన్నూ ఉండదు. ఇక మీ పొడి కిందికి కాక ఎక్కడికి పోతుంది? సీసా వెనక పదార్థాల పట్టికలో ఆ పేరు ఉంటేనే రంగు కలపడానికి పనికొస్తుంది. ‘సస్పెన్షన్ బేస్’ పేరుతో విడిగా అమ్మేది ఇదే.

ఐషాడోతో రెండో చిక్కు, దాన్ని అచ్చులో బిగించడానికి వాడే నూనెలు, టాల్కు. నూనె పూతను మెత్తబరుస్తుంది, టాల్కు మెరుపు తినేస్తుంది. కాస్మెటిక్ గ్రేడ్ మైకా పొడి మేలు. విడి రంగు పొడుల్లో ఐరన్ ఆక్సైడ్‌లు, అల్ట్రామెరైన్ నీలం ఫరవాలేదు గాని, కంపెనీల్లో లాగా రోలర్ల మధ్య నూరే వీలు ఇంట్లో లేదు. ఎంత కుదిపినా నలుసులు మిగులుతాయి. పూర్తిగా కప్పే గట్టి రంగు కావాలంటే తయారు పాలిష్‌లు కలుపుకోండి, పొడులను మెరుపుకే ఉంచుకోండి. మా సలహా ఇదే.

కలిపే పద్ధతి: 15 మి.లీ. ఖాళీ సీసా పూర్తిగా ఆరి ఉండాలి, లోపల నీటి తడి ఉండకూడదు. కాగితం గరాటుతో పావు టీస్పూను మైకా వేయండి. బాగా కప్పాలంటే అర దాకా పోవచ్చు. అంతకు మించితే పూత పొడిబారి రేగుతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ నాలుగైదు చుక్కలు వేసి పొడి తడిసేదాకా తిప్పండి. ఇది మానేస్తే ఉప్మాలో రవ్వ ఉండకట్టినట్టు లోపల పొడి, పైన తడిగా ఉండలు మిగులుతాయి. తర్వాత బేస్ 12 మి.లీ. పోసి, 4–5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ గోళీలు రెండు వేయండి. 316 గ్రేడు అడగండి. సైకిల్ బేరింగుల గోళీలు మాత్రం వద్దు. తుప్పు పట్టి లేత రంగుల్ని మురికి చేస్తాయి. సీసా నిండా పోసి పైన ఖాళీ వదలకపోతే గోళీలు ఆడవు, టకటక చప్పుడు వినపడదు. రెండు నిమిషాలు కుదిపి, ఒక రోజు కదపకుండా ఉంచితే బుడగలు పైకి పోతాయి. వాడేముందు అరచేతుల మధ్య దొర్లిస్తే చాలు.

ప్రశ్న: చిక్కబడిన పాలిష్‌లో రిమూవర్ పోస్తే విరిగిన పాలలా అయింది. బాగుచేయవచ్చా?
– పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: లేదండీ, పారేయండి. రిమూవర్లలో తరచుగా నీళ్ళు, గ్లిజరిన్, నూనెలు ఉంటాయి. నీరు తగిలితే నైట్రోసెల్యులోజ్ విడిపోయి గడ్డకడుతుంది. అసిటోన్ ఒక్కటే ఉన్నదైనా వద్దు. చాలా త్వరగా ఆరి పూతను పాడుచేస్తుంది. మూత సందుల్లోంచి ఆవిరైపోయింది అసిటేట్‌లే కనుక తిరిగి చేర్చాల్సిందీ అవే. ఇథైల్, బ్యూటైల్ అసిటేట్ ఉన్న నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి, దొర్లించి, పావుగంట ఆగి చూడండి. చాలకపోతే మళ్ళీ రెండు. పెయింటు కొట్లో అమ్మే థిన్నర్ దీనికి కాదు, అందులో టోలీన్ వంటివి ఉండొచ్చు. వాడాక సీసా మెడను దూదితో తుడిచి మూత పెడితే సగం బాధ ఉండదు.

ప్రశ్న: టీ కొట్టు ప్లాస్టిక్ కప్పులో కలుపుతుంటే కప్పు అడుగు ఊడి బల్ల మీదికొచ్చింది!
– పాఠకుడు, అంబత్తూరు

జవాబు: అది పాలీస్టైరీన్. అసిటేట్‌లలో కరిగిపోతుంది. థర్మోకోల్ కప్పయితే ఇంకా వేగం. గాజు, ఫాయిల్, స్టీలు వాడండి. పాత ఉగ్గుగిన్నె వాడొచ్చా అని మరొకరు అడిగారు. దాని ముక్కుతో సీసాలోకి పోయడానికి భేషుగ్గా ఉంటుంది గాని, ఒకసారి రంగుకు వాడాక దాన్ని తిండికి వాడకూడదు. వెండిదైతే అమ్మమ్మ ఊరుకోదు.

ప్రశ్న: ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానల్లో వేస్తే పూత మీద తెల్లటి మంచు కమ్మినట్టుంటోంది. ఫ్యాను కింద ఆరబెడితే బుడగలు.
– పాఠకురాలు, తాంబరం

జవాబు: మద్రాసులో ఉన్నందుకు కట్టే కప్పం ఇది. ద్రవం వేగంగా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది. తేమగాలిలోని నీరు దాని మీద చేరి నైట్రోసెల్యులోజ్‌ను తెల్లబరుస్తుంది. ఫ్యాను పెడితే పైపొర ముందే బిగిసి, లోపలి ఆవిరి బయటికి రాలేక బుడగ కడుతుంది. వాన రోజుల్లో థిన్నర్ తగ్గించి, పలుచటి పూతలు వేసి, ఒక్కో పూతకు కనీసం మూడు నిమిషాలు వదలండి. ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది, అయితే నేరుగా దాని కింద కూర్చోవద్దు. లేత తెల్లదనం తరచుగా పైన ఒక టాప్ కోట్ వేస్తే పోతుంది.

ప్రశ్న: క్రాఫ్ట్ సామాన్ల ఎర్ర గ్లిటర్ వేశాను. సీసా అంతా గులాబీ రంగైంది, గ్లిటర్ వెండిలా మిగిలింది.
– పాఠకురాలు, వడపళని

జవాబు: ఆ రంగు అద్దకమే, ద్రవంలోకి కారిపోయింది. సాల్వెంట్ రెసిస్టెంట్ పాలియెస్టర్ గ్లిటర్ అని రాసి ఉన్నదే కొనండి. కొన్నాక కూడా చిటికెడు గ్లిటర్‌ను గాజు సీసాలో థిన్నర్‌లో వేసి మూత బిగించి నాలుగు రోజులు చూడండి. రంగు వదిలినా, రేకులు ముడుచుకున్నా పనికిరాదు.

ప్రశ్న: ముత్యపు మెరుపు చేప పొలుసుతో వస్తుందట, నిజమా? మేం శాకాహారులం.
– పాఠకురాలు, మైలాపూరు

జవాబు: కొన్నింటిలో నిజమే. దాని పేరు గ్వానిన్, పట్టికలో సీఐ 75170 అని కూడా ఉంటుంది. మైకా ఖనిజం, దానితో ఇబ్బంది లేదు.

ప్రశ్న: జెల్ పాలిష్‌ను మామూలు దానితో కలపొచ్చా?
– పాఠకురాలు, అన్నా నగర్

జవాబు: వద్దు. జెల్ యూవీ దీపం కింద గట్టిపడుతుంది, మామూలుది ఆవిరై ఆరుతుంది. కలిపితే రెండూ సరిగా కావు. గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అలర్జీ వచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న: వంటగది బల్ల మీద కలుపుకుంటున్నాను. వాసన తప్ప వేరే ప్రమాదం ఉందా?
– గృహిణి, ఆవడి

జవాబు: వాసన మాట అటుంచండి, నిప్పు సంగతి చూడండి. ఇథైల్ అసిటేట్ సున్నాకు 4 డిగ్రీల దిగువన కూడా నిప్పంటుకునేంత ఆవిరి ఇస్తుంది. చెన్నై మే నెల ఎండలో ఇక చెప్పాలా? ఆ ఆవిరి గాలికన్నా బరువు. బల్ల మీంచి జారి నేల వెంట పాకుతుంది. స్టవ్ ఆర్పేశానని ఊరుకుంటే చాలదు. పక్కనే పూజగదిలో దీపం, అగరొత్తి, దోమల చుట్ట ఉన్నా ప్రమాదమే. రెండు కిటికీలు తెరిచి, ఆ పూట దీపం పెట్టకముందే పని ముగించండి. రంగు తుడిచిన దూది, ఫాయిల్ బాల్కనీలో నీడన బాగా ఆరాకే చెత్తబుట్టలో వేయండి. సింకులో పోయొద్దు. సీసాలు కిటికీ అంచున అందంగా పేర్చే అలవాటుంటే మానేయండి, ఎండకు రంగులు వెలిసిపోతాయి.

ప్రశ్న: నేను కలిపిన రంగులు చూసి మా అపార్ట్‌మెంటు వాళ్ళు కొంటామంటున్నారు. దీపావళి మేళాలో స్టాలు పెట్టనా?
– పాఠకురాలు, పోరూరు

జవాబు: చెల్లెలికి ఒక సీసా ఇవ్వడం వేరు, డబ్బు తీసుకోవడం వేరు. అమ్మడానికైతే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి నుంచి తయారీ లైసెన్సు కావాలి. ‘నేను తయారుచేయలేదు, కొన్నవే కలిపాను’ అంటే కుదరదు. అమ్మే ఉద్దేశంతో మార్చడం, సీసాలకెత్తడం, లేబుల్ వేయడం కూడా చట్టం దృష్టిలో తయారీయే. ఇంటి వంటగదికి ఆ లైసెన్సు రాదు. లైసెన్సున్న తయారీదారు దగ్గర మీ రంగుల్ని చేయించుకుని అమ్మే దారి ఒకటుంది. అప్పుడు మీరు వాళ్ళకివ్వాల్సింది సీసా మీద అంటించిన ఆ చుక్కల లెక్క చీటీయే.