లైబ్రరీలో టీనేజ్ పిల్లలకు వీడియో గేమ్స్ ఎలా మొదలుపెట్టాలి?

అమెరికాలో మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో టీనేజర్లకు గేమింగ్ పెట్టాలంటే ఏమేం కావాలని అడిగారు. అనుకున్నంత ఖర్చేమీ ఉండదు. ఒక నింటెండో స్విచ్ (వీడియో గేమ్స్ ఆడే యంత్రం), నాలుగు కంట్రోలర్లు, మీటింగ్ రూములో ఎలాగూ ఉండే ప్రొజెక్టర్ చాలు. మారియో కార్ట్ 8 డీలక్స్ అనే రేసు ఆట అయితే ఒకే తెర మీద నలుగురు ఆడొచ్చు. రేసు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి వంతు త్వరగా వస్తుంది. గంటల తరబడి ఒక్కరే ఆడే ఆటలు ఇక్కడ పనికిరావు.

గేమ్ డబ్బా మీద ఉండే, అది ఏ వయసువాళ్లకు తగినదో చెప్పే ఈఎస్ఆర్‌బీ గుర్తు చూసి కొనండి. 'టి' అంటే 13 ఏళ్లు, ఆపైవాళ్లకు. 'ఎం' అంటే 17, ఆపైవాళ్లకు. 'ఎం' జోలికి అసలు వెళ్లకండి.

కష్టమంతా వంతుల దగ్గరే. నేను వాలంటీరుగా చేసినచోట తెల్లబోర్డు మీద పేర్లు రాసేవాళ్లం. రెండు రేసులు కాగానే కంట్రోలర్ చేతులు మారాలి. ఆ పని ఒక కుర్రాడికే అప్పగించాం. మూడు వారాలు గోడకానుకుని ఊరికే చూస్తూ నిలబడ్డవాడు, మార్కర్ చేతికి రాగానే అందరినీ పేరు పెట్టి పిలవడం మొదలెట్టాడు. నాకు ఈ కార్యక్రమం విలువ అప్పుడే తెలిసింది.

"లైబ్రరీలో ఆటలేంటి?" అనే పెద్దలు ఉంటారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2008లోనే నేషనల్ గేమింగ్ డే మొదలుపెట్టిందని, షికాగోలోని హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీ 2009లో టీనేజర్లకు యూమీడియా అనే డిజిటల్ కేంద్రం తెరిచిందని వాళ్లకు చెప్పండి. చదువుకునేవాళ్లకు గోల వినపడని గది చూసుకోండి. బడి వదిలే వేళకు, ప్రతి వారం అదే రోజు పెట్టండి. రోజు మారిస్తే పిల్లలు రావడం మానేస్తారు.